పాత పికప్ బండి: ఊరి దారికీ, కొండ దారికీ

ముందు భాగము కారు, వెనుక భాగము లారీ అనిపించే బండిని పికప్ అంటున్నాము. మన ప్రాంతములో ఆ మాట వినగానే తెల్లవారుజామున రైతుబజారుకు కూరగాయలు తెచ్చే బండియో, రేవునుండి చేపలు మోసే బండియో కళ్లకు కడుతుంది. కాని రెండు వరుసల సీట్లలో అయిదుగురు కూర్చుండుటకు వీలై, వెనుక తొట్టి ఉండి, నాలుగు చక్రాలకూ ఇంజను బలమును అందించగల పికప్పులు కూడ మన రోడ్లమీద కనబడుతున్నవి. టాటా జెనాన్, మహీంద్రా స్కార్పియో గెటవే అట్టివే. 2016లో ఇసుజు కంపెనీ ఇప్పటి తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో కర్మాగారము తెరచి, డీ-మాక్స్ వీ-క్రాస్ అనే బండిని అక్కడ తయారుచేయసాగినది. ఆ తొలి బండ్లకు ఇప్పుడు దాదాపు పదేండ్ల ప్రాయము. కొత్తదాని వెల భరించలేని ఉపాధ్యాయుడు, కాఫీ రైతు, పల్లె వైద్యుడు, చిన్న కంట్రాక్టరు పాతబండ్ల బేరములో వీటిని వెదకుతున్నారు. వారికి కావలసినది ఒకే బండి. అది వారమంతా ఊరిలో తిరగవలె. సెలవునాడో, పనిపడిన నాడో అరకు, పాడేరు, మారేడుమిల్లి అవతలి మట్టిదారులు ఎక్కవలె.

ఈ రెండు కోరికలకూ సహజముగా పొత్తు కుదరదు. ఊరికి తేలికయైన, మెత్తని, చప్పుడు లేని బండి కావలె. కొండకు ఎత్తుగా, గట్టిగా, సామగ్రితో నిండిన బండి కావలెనని తోస్తుంది. కొన్నవారిలో ఎక్కువమంది మొదటి నెలలోనే ఇనుప కమ్మీలు, పెద్ద టైర్లు, పైకప్పు గుడారము, దీపాల వరుసలు తగిలిస్తారు. నా అభిప్రాయము వేరు. పాతబండికి పెట్టే మొదటి రూపాయి చేర్పులకు కాదు, మరమ్మతుకు పోవలెను. చేర్చేది ఎంత తక్కువైతే బండి అంత దూరము పోతుంది. ఎందుకో వివరిస్తాను.

ముందుగా కాగితముల సంగతి క్లుప్తముగా చెప్పి ముగిస్తాను. పికప్పులలో కొన్ని సొంత వాడుకకు తెల్లపలకతో, కొన్ని కిరాయికి పసుపుపలకతో రిజిస్టరై ఉంటవి. పసుపుపలక బండికి ఫిట్‌నెస్ పత్రము, పర్మిట్టు, పన్ను వేరుగా చూచుకోవలెను. యాజమాన్య మార్పిడికి 29, 30 నంబరు ఫారములు. బండిమీద అప్పు తీరినదనుటకు 35వ ఫారము. పొరుగు రాష్ట్రపు బండియైతే అక్కడి కార్యాలయమువారి నిరభ్యంతర పత్రము ఉండవలెను. పరరాష్ట్రపు బండి చౌకగా వచ్చినదని సంతోషించేవారు ఇక్కడ మరల చెల్లించవలసిన జీవితకాలపు పన్నును లెక్కలో వేసుకోరు. కొన్న 14 రోజులలో బీమా పాలసీని తన పేరిట మార్చుకొనుటకు దరఖాస్తు పెట్టవలెను. చాసీమీద చెక్కిన నంబరును ఆర్.సి. పుస్తకములోని నంబరుతో స్వయముగా కంటితో పోల్చి చూడవలెను.

ఇక బండి దగ్గరకు వద్దాము. ఉదయమే, ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడవలెను. మీరు వెళ్లేసరికి అమ్మేవాడు ఇంజను వేడిచేసి ఉంచినాడంటే కారణము అడుగవలెను. చల్లని ఇంజను మొదటి తిప్పులోనే అందుకొన్నదా, పొగ ఏ రంగున వచ్చినది అన్నవి మాటలకన్న ఎక్కువ చెప్పుతవి. నీలపు పొగ వదలకుండా వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నదన్నమాట. నల్లపొగ గాలి చాలకనో, డీజిల్ ఎక్కువై సరిగా కాలకనో వస్తుంది. ఇంజను నడుస్తుండగా ఆయిలు మూత విప్పి చూస్తే కొద్దిపాటి ఆవిరి సహజము. సైలెన్సరువలె గుప్పుగుప్పున పొగ తన్నుతుంటే లోపలి రింగులు అరిగినవని అనుమానించవలెను.

పైరంగు చూచి మోసపోకుండా బండి క్రిందికి దూరవలెను. పికప్పునకు ప్రాణము చాసీ. చేపలు, రొయ్యలు మోసిన బండ్లలో ఐసు కరిగి ఉప్పునీరు తొట్టి అతుకులగుండా కారి చాసీ దూలములలోనికి దిగుతుంది. పైన నిగనిగలాడే రంగు, లోపల పొరలు పొరలుగా లేచే తుప్పు. విశాఖపట్నము, కాకినాడ వంటి తీరపు ఊళ్ల బండ్లకు ఉప్పుగాలి చాలు. చేతి దీపముతో దూలము కన్నములలోనికి చూడవలెను. చిన్న సుత్తితో అంగుళమంగుళము తట్టవలెను. గట్టి ఇనుము గణగణ మ్రోగుతుంది, తుప్పు తిన్న ఇనుము బొంగురుగా పలుకుతుంది. వెనుక కమాన్లు తగిలించిన కొక్కెముల దగ్గర వెల్డింగు అతుకులు గాని, సన్నని నెఱ్ఱెలు గాని ఉన్నచో ఆ బండి మోయరాని బరువులు మోసినదని గ్రహించి మారుమాటాడక ఇంటికి రావచ్చును. కంపెనీవారు పెట్టినదానికన్న ఎక్కువ కమాన్ పట్టీలు చేర్చి ఉండుట కూడ అదే కథ చెప్పుతుంది.

నాలుగు చక్రాల ఏర్పాటును చాలమంది యజమానులు ఏండ్ల తరబడి ముట్టుకోరు. వాడనిది బిగుసుకొనిపోతుంది. కనుక మట్టి నేలమీదికి తీసికొనిపోయి నాలుగు చక్రాలకు, ఆపైన లో-గేరుకు మార్చి, ముందుకూ వెనుకకూ నడిపి చూడవలెను. తారురోడ్డుమీద ఈ పరీక్ష చేయరాదు. మలుపులో ముందు చక్రాలు నడిచే దూరము వేరు, వెనుక చక్రాలు నడిచే దూరము వేరు. ఈ పికప్పులలో ముందు వెనుకల ఇరుసులను సర్దే గేరు నడుమ ఉండదు; నాలుగు చక్రాలలో పెట్టగానే రెండూ ఒకటిగా బిగుస్తవి. మట్టి అయితే చక్రము కొద్దిగా జారి ఆ తేడా తీరిపోతుంది. పొడి తారుమీద జారుటకు వీలు లేక ఆ ఒత్తిడి గేర్లమీద, జాయింట్లమీద పడుతుంది. వర్షాకాలములో రక్షణకని తారుమీద నాలుగు చక్రాలలోనే నడిపే అలవాటున్న యజమాని బండిని కొనేముందు రెండుమారులు ఆలోచించవలెను.

బండి ఇంటికి వచ్చినది. ఇప్పుడు ఏమి చేయవలెను? నేనెరిగిన ఒక కాఫీ రైతు చింతపల్లి ప్రాంతమువాడు. పాత పికప్ కొని, దానికి ముందు దీపాలవరుస, పైన ఇనుప చట్రము బిగించినాడు. చూపునకు పులివలె ఉండేది. ఆ వానకాలములో ప్రసవవేదన పడుతున్న ఒక గిరిజన స్త్రీని వారి పల్లె జనము డోలీలో రోడ్డుదాక మోసికొనివచ్చి ఇతని బండిలో ఎక్కించినారు. ఘాటు దిగుతుండగా బ్రేకు పెడలు మెత్తబడి అడుగుదాక పోయినది. అతడు కంగారుపడక రెండవ గేరు, మొదటి గేరు వేసి, హ్యాండుబ్రేకు సాయముతో బండిని కొండవైపు కాలువలోనికి ఒరిపి నిలిపినాడు. వెనుక వచ్చిన జీపులో ఆమెను ఆసుపత్రికి చేర్చినారు. తల్లీ బిడ్డా క్షేమము. తరువాత మెకానిక్కు చూస్తే బ్రేకు ఆయిలు నల్లగా, తేటతేటగా ఉన్నది. పూర్వపు యజమాని ఎన్నేండ్లుగా మార్చలేదో!

దీనిలోని కిటుకు వినదగినది. బ్రేకు ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకొనే గుణమున్నది. ఏండ్లు గడచినకొద్దీ దానిలో నీరు చేరి, మరిగే వేడిమి తగ్గిపోతుంది. ఊరిలో బ్రేకు అంత వేడెక్కదు గనుక ఏమీ తెలియదు. పొడుగైన ఘాటు దిగుదలలో అదేపనిగా బ్రేకు తొక్కితే ఆ ఆయిలు మరిగి ఆవిరి బుడగలు కడతవి. ద్రవము అణగదు, ఆవిరి అణగుతుంది. కనుక పెడలు తొక్కినా చక్రము పట్టదు. దీనికి మందు దీపాల వరుస వెలలో పదియవవంతు కాదు. రెండేండ్లకొకసారి బ్రేకు ఆయిలు మార్చుట, దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగుట – అంతే.

అందుచేత పాతబండికి తొలి ఖర్చు ఇది: ఇంజను ఆయిలు, గేరుబాక్సు ఆయిలు, నాలుగు చక్రాల గేరుపెట్టె ఆయిలు, ముందు వెనుక ఇరుసుల ఆయిళ్లు, రేడియేటరు నీరు, బ్రేకు ఆయిలు అన్నీ, పూర్వపు యజమాని ఏమి చెప్పినా సరే, మార్చివేయవలెను. వడపోతలన్నీ కొత్తవి వేయించవలెను. డీజిలు వడపోత అడుగున చేరిన నీటిని వదలవలెను. బ్రేకు గొట్టములు, రేడియేటరు గొట్టములు, బెల్టులు, కమాన్ బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు వరుసగా చూపించవలెను. ఇరుసులకు ఊపిరి తీసికొనే చిన్న గొట్టము ఒకటి ఉంటుంది. సాధారణముగా ఎవరూ దానివంక చూడరు. చాలదూరము నడిచి వేడెక్కిన ఇరుసు వాగు నీటిలో మునిగినపుడు లోపలి గాలి చల్లబడి కుంచించుకొంటుంది. ఊపిరి గొట్టము మట్టితో పూడిపోయి ఉంటే ఇరుసు ఆ సీళ్లగుండా నీటినే పీలుస్తుంది. లోపలి ఆయిలు మజ్జిగవలె తెల్లబడుతుంది, బేరింగులు పాడవుతవి. ఆ గొట్టమును శుభ్రము చేయించి, పొడిగించి, కొసను ఎత్తున కట్టించుటకు అయ్యే ఖర్చు అతి స్వల్పము.

తరువాత టైర్లు. చేర్పు అనదగిన వానిలో నేను మనసారా ఒప్పుకొనేది ఇదొక్కటే. టైరు పక్కన అచ్చువేసిన నాలుగు అంకెలలో మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపుతవి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరము 23వ వారములో చేసినదని అర్థము. అరుగుదల లేకపోయినా ముసలి టైరు ముసలి టైరే; రబ్బరు బిరుసెక్కి పగుళ్లు పడుతుంది. మట్టికీ తారుకూ పనికివచ్చే ఆల్ టెర్రైన్ రకము చాలును. బురదకే ప్రత్యేకించిన పెద్దపళ్ల టైర్లు తారుమీద హోరెత్తుతవి, తడి రోడ్డుమీద పట్టు తగ్గుతుంది. కంపెనీవారు చెప్పిన కొలతకే కట్టుబడి ఉండవలెను. టైరు పెద్దదైతే వేగము చూపే ముల్లు తక్కువ చూపుతుంది, ఇంజనుకు ఈడ్పు బరువెక్కుతుంది, బ్రేకుకు పని పెరుగుతుంది.

టైరులోని గాలి విషయము మట్టిదారిలో మంత్రమువలె పనిచేస్తుంది. తారుమీద 35 పౌండ్లున్న గాలిని మెత్తని మట్టిలో 22 పౌండ్లకు దింపితే టైరు నేలను ఆనే భాగము పొడుగై, బరువు విశాలముగా పరచుకొని, చక్రము కూరుకొనక పైపైన నడుస్తుంది. మరల తారెక్కకముందే గాలి నింపవలెను. లేనిచో టైరు పక్కలు వేడెక్కి పగులుతవి. కనుక బండి బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు, గాలి కొలిచే సాధనము వెంట ఉండవలెను. ఇంకొక మాట. స్టెప్నీ చక్రము తొట్టి అడుగున గొలుసుకు వ్రేలాడుతుంటుంది. పాతబండ్లలో ఆ గొలుసు యంత్రము తుప్పుతో పట్టివేసి ఉంటుంది. అడవిలో చీకటివేళ ఆ సంగతి తెలిసికొనుటకంటె ఇంటిముందు ఆదివారమునాడు ఒకసారి దింపి, గ్రీజు పెట్టి, ఎక్కించుట మేలు గదా!

బండిని ఎత్తు పెంచవలెనా అని అడుగుతుంటారు. వీ-క్రాస్ అడుగు భాగము నేలనుండి 225 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. మన ఏజెన్సీ మట్టిదారులకు ఇది చాలును. బండి ఎత్తయినకొద్దీ బరువు పైకి పోయి మలుపులో ఒరిగే గుణము హెచ్చుతుంది. ముందు ఇరుసు జాయింట్లు వంకరగా పనిచేసి త్వరగా అరుగుతవి. వెనుక కమాన్లు బరువుకొరకు చేసినవి. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు అవి ఎగిరిపడతవి. ఆ కుదుపు పోవుటకని ఇంకొక పట్టీ చేర్పిస్తే ఖాళీ బండి మరింత ఎగురుతుంది. రోజూ వెనుకసీటులో బడికి పోయే పిల్లల నడుములకు తెలుస్తుంది దాని ఫలితము. మంచి షాక్ అబ్జార్బర్లు వేయించుట దీనికి తగిన చికిత్స.

బరువు లెక్కకు ఆర్.సి. పుస్తకమే ఆధారము. అందులో ఖాళీబండి బరువు, నిండుబండి బరువు రెండూ ఉంటవి. ఆ రెంటి భేదములోనే మనుషులూ సామానులూ ఇమడవలెను. మనిషికి 65 కిలోల చొప్పున అయిదుగురు 325 కిలోలు. 20 లీటర్ల నీరు 20 కిలోలు, పాత్ర అదనము. ఇనుప గూడు, పైకప్పు గుడారము, ఇనుప బంపరు, అలమర – ఒక్కొక్కటి కొద్దియే అనిపిస్తుంది. కూడితే మనిషికి చోటు మిగలదు. తొట్టి వైశాల్యమును చూచి మోతను అంచనా కట్టరాదు. పైగా బరువు ఎక్కడ పెట్టినామన్నది ఎంత పెట్టినామన్నదానికి తీసిపోని ప్రశ్న. వెనుక ఇరుసునకు అవతల పెట్టిన బరువు త్రాసుకాడవలె ముందు చక్రాలను తేల్చుతుంది. ఘాటు ఎక్కేటప్పుడు స్టీరింగు పట్టు సడలినట్లుంటుంది. బరువైనవి క్యాబిను గోడకు ఆనించి, అడుగున పెట్టి, పట్టీలతో కట్టివేయవలెను. కట్టని జాకీ ఒక్కటి చాలు, గట్టిగా బ్రేకు వేసిననాడు వెనుక అద్దము పగులగొట్టుకొని లోపలికి వచ్చుటకు.

చట్టము కూడ ఈ విషయములో పొదుపునే కోరుతున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, కంపెనీవారు నిర్దేశించిన రూపమునకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానినే గట్టిగా చెప్పినది. బండి ముందు బిగించే ఇనుప కమ్మీలను తొలగింపవలెనని 2017 డిసెంబరులో కేంద్ర రవాణాశాఖ రాష్ట్రములకు వ్రాసినది. ఆ కమ్మీలు పాదచారిని ఎక్కువ గాయపరుస్తవి. ఢీకొన్నప్పుడు గాలిసంచులు సకాలమున తెరచుకొనకుండా అడ్డుపడవచ్చును. తొట్టిమీద గట్టి గూడు పెట్టదలచినవారు ముందుగా రవాణా కార్యాలయములో, బీమా కంపెనీలో విచారించి వ్రాతమూలకముగా జవాబు పొందుట క్షేమము. నా మట్టుకు టార్పాలిన్ పట్టా, దానికి గట్టి త్రాళ్లు చాలుననిపిస్తుంది. అది సోమవారమునాడు మడిచి ఇంట పెట్టవచ్చును.

ఊరి వాడుకకు అసలు సూత్రము ఇదే. వెంట తీసికొనిపోవునదంతా ఒకటి రెండు పెట్టెలలో ఇమిడి, ఇద్దరు మనుషులు పది నిముషములలో దింపగలిగినట్లు ఉండవలెను. ఆ పెట్టెలో నేను పెట్టేవి: పార, కత్తి, జాకీ క్రింద పెట్టే దళసరి పలక, చక్రము క్రింద పరచుటకు రెండు పలకలు, పంక్చరు సామాను, గాలిపంపు, ఫ్యూజులు, ఒక బెల్టు, డీజిలు వడపోత, రెండు లీటర్ల ఇంజను ఆయిలు, చేతిదీపము, ప్రథమ చికిత్స పెట్టె, లాగుడు పట్టీ, దానికి తగిన ఇనుప కొక్కెములు. లాగుడు పట్టీ గురించి హెచ్చరిక చేయకతప్పదు. కూరుకొనిన బండిని లాగేటప్పుడు పట్టీని కంపెనీవారు అమర్చిన కొక్కెమునకే తగిలించవలెను. బంపరుకు గాని, ట్రాలీ తగిలించే గుండుకు గాని కట్టరాదు. అవి ఊడివస్తే తుపాకి గుండువలె దూసుకొనిపోతవి. పట్టీ నడుమ తడిపిన గోనెసంచి వేస్తే తెగిననాడు దాని విసురు కొంత తగ్గుతుంది. పిల్లలనూ, వేడుక చూడవచ్చిన వారినీ పట్టీ పొడవుకు రెట్టింపు దూరము జరిపిన పిమ్మటనే ఇంజను కదపవలెను.

వీ-క్రాస్ పొడవు 5,295 మిల్లీమీటర్లు. అనగా అయిదు మీటర్లకు పైమాట. విశాఖ పాతబజారులోనో, హైదరాబాదు సందులలోనో దీనిని నిలుపుటకు చోటు వెదకుట కొండ ఎక్కుటకన్న కష్టము. ఇంటి గేటు, వీధి మలుపు, ఆఫీసు ఆవరణ టేపుతో కొలిచిన తరువాతనే బేరమాడవలెను. 2020 ఏప్రిలు తరువాతి బి.ఎస్.-6 డీజిలు బండి కొనేవారికి మరొక సూచన. వాని సైలెన్సరులో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. ఆ మసి కాలుటకు కొంతసేపు ఏకవేగముతో పొడుగైన పరుగు కావలెను. రోజూ రెండు కిలోమీటర్లు బడికి, రెండు కిలోమీటర్లు బజారుకు నడిపితే జల్లెడ పూడుతుంది. అట్టివారికి వారమునకొకసారి పెద్దరోడ్డెక్కుట విలాసము కాదు, బండికి పథ్యము.

దారుల విషయము రెండు మాటలు. మారేడుమిల్లినుండి చింతూరుకు, పాడేరునుండి లంబసింగి మీదుగా చింతపల్లికి తారురోడ్లే ఉన్నవి. కష్టమంతా రోడ్డు విడిచి పల్లెకు పోయే చివరి కొద్ది మైళ్లలో. వాగు అడ్డమైతే ముందు మనిషి దిగి కర్రతో లోతు చూడవలెను. నీరు చక్రపు ఇరుసును మించినా, ప్రవాహము కాళ్లను లాగుతున్నా ఆగవలెను. ఏజెన్సీ వాగులు పొంగినంత వేగముగానే తీస్తవి, రెండు గంటలు ఓపిక పట్టవచ్చును. దారి తెలియనిచోట ఆ గూడెపు పెద్దలను అడిగితే ఏ దారిన బండి పోతుందో ఏ పటముకన్న సరిగా చెప్పుతారు. నల్లమలలోను, పాపికొండల అడవులలోను అటవీశాఖవారి అనుమతి లేని బాటలలోనికి బండి దింపరాదు. శ్రీశైలము పోయే అడవి రోడ్డును రాత్రివేళ మూసివేసేది జంతువుల రక్షణకు. నాలుగు చక్రాల బండి ఉన్నదిగదా అని వాగులో ఈదులాడించి, పల్లెవారు త్రాగే నీటిలో ఆయిలు కలిపేవారిని చూస్తున్నాము. అది సాహసమనిపించుకోదు.

దూరప్రయాణమునకు ముందు ఒక ఆదివారము, ఎంత బరువుతో పోదలచినారో అంత బరువూ ఎక్కించి, ఇంటివారినందరిని కూర్చుండబెట్టుకొని, నూరు కిలోమీటర్లు పోయిరండి. తిరిగివచ్చి చక్రపు బోల్టులు మరల బిగించండి. ఆ రాత్రి బండి క్రింద పాత వార్తాపత్రికలు పరచి, తెల్లవారి తీసి చూడండి. ఏ మరక ఏ చోట పడినదో గుర్తుపెట్టి మెకానిక్కునకు చూపించండి. మరక లేకపోతే పెట్టె సర్దుకొనవచ్చును.